బడిలో మత్తు నివారణ: ఏ పద్ధతికి ఎంత ఖర్చు, మీ బడికి ఏది నప్పుతుంది?

బడులు తెరిచిన రెండు వారాలకే జూన్ 26 వచ్చేస్తుంది. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. పాఠ్యపుస్తకాల పంపిణీ పూర్తికాకముందే ర్యాలీ ఏర్పాట్లు మొదలవుతాయి. అంతకు మించి ఏదైనా చేద్దామంటే హెచ్‌ఎంలు, కరస్పాండెంట్లు అడిగేది ఒకటే: "ర్యాలీ అయితే ఒక్కరోజు ఖర్చు. ఏడాది పొడవునా క్లాసులంటే డబ్బెక్కడిది?"

ఇరవై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ బడుల్లో సైన్స్ చెప్పాను. ఈ ప్రశ్న నేనూ అడిగాను. తర్వాత కాగితం మీద లెక్క వేసి చూస్తే, చవక అనుకున్నది చవక కాదని, ఖరీదు అనుకున్నది అంత ఖరీదు కాదని తేలింది. ఆ లెక్కనే ఇక్కడ పెడుతున్నాను. మీ జీతాలు, మీ పిల్లల సంఖ్య వేసుకుని మళ్ళీ కట్టుకోండి.

ముందు దేన్ని కొలవాలో తేల్చుకుందాం

ఈ పనికి అయ్యే ఖర్చు ఒకచోట కనపడదు. బిల్లు మీద కనపడేది నగదు మాత్రమే. అసలు బరువు పీరియడ్లలో ఉంటుంది. ఒక సెక్షన్‌కు 15 పీరియడ్లు ఇస్తే అవి లెక్కల నుంచో, సోషల్ నుంచో, ఆటల నుంచో రావాలి. అందుకే ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చినా "ఎంతవుతుంది" కన్నా ముందు "సెక్షన్‌కు ఎన్ని పీరియడ్లు, ఎవరు చెబుతారు" అని అడగాలి.

మూడోది రెండో ఏడాది ఖర్చు. శిక్షణ పొందిన టీచర్ బదిలీ అయితే ఎవరు చెబుతారు? నిరుడు విన్న పిల్లలకు ఈ ఏడాది గుర్తు చేసేది ఎవరు?

నాలుగోది చాలామంది మరిచిపోయేది. క్లాసు బాగా జరిగితే ఒక పిల్లవాడు తప్పకుండా దగ్గరికొచ్చి "సార్, నేను తీసుకుంటున్నా" అనో, "మా అన్న తీసుకుంటున్నాడు" అనో చెబుతాడు. ఆ తర్వాత ఏం చేస్తారు? దానికీ మనిషి కావాలి, సమయం కావాలి.

ఐదోది, అది పనిచేస్తుందా అన్నది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం 2013లో నివారణ ప్రమాణాలు ప్రచురించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వాటిని సవరించింది. వాటి సారం స్పష్టం. వారానికొకటి చొప్పున 10 నుంచి 15 సెషన్లు, పిల్లలు మాట్లాడుతూ అభినయిస్తూ నేర్చుకునేవి, శిక్షణ ఉన్నవారు నడిపేవి, తర్వాతి ఏళ్ళలో పునశ్చరణ ఉన్నవి ఫలితాన్నిస్తాయి. భయపెట్టే ఉపన్యాసాలు, మానేసినవారి అనుభవ కథలు, పోలీసులు చెప్పే పాఠాలు ఫలితం లేనివాటితోనో, వికటించినవాటితోనో ముడిపడి ఉన్నాయి.

ఏ మత్తు గురించి మాట్లాడుతున్నాం?

ఒకసారి ర్యాలీ అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లవాడు నా దగ్గరికొచ్చి, "సార్, వైట్‌నర్ కూడా డ్రగ్గేనా?" అని అడిగాడు. ఆ ఉదయం మేము పట్టుకున్న ప్లకార్డుల్లో గంజాయి, హెరాయిన్, సూది బొమ్మలే ఉన్నాయి. వాడి సంచిలో ఉన్న వస్తువు పేరు ఏ ప్లకార్డు మీదా లేదు. నాకు చాలా రోజులు మనసు పట్టలేదు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు దేశవ్యాప్త లెక్క ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో, వైట్‌నర్ లాంటి వాసన పీల్చే మత్తు పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం. పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా తేలిన మత్తు ఇదే. మన ఊళ్ళలో పిల్లలకు మొదట చేతికందేవి ఖైనీ, గుట్కా, సిగరెట్, వైట్‌నర్, ఇంట్లో మిగిలిన సీసా. గంజాయి చాలావరకు వీటి తర్వాతే. అందుకని మీరు కొనే కార్యక్రమం ఏదైనా, అందులో ఖైనీ, వైట్‌నర్ గురించి ఎన్ని పేజీలున్నాయో ముందు చూడండి.

లెక్క కోసం ఒక బడి

7, 8, 9 తరగతులు. ఒక్కోదానికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది. మొత్తం 240 మంది పిల్లలు. పదో తరగతిని కలపలేదు. దసరా దాటాక వాళ్ళకు స్పెషల్ క్లాసులు మొదలైతే ఏ పీరియడూ దొరకదని టీచర్లందరికీ తెలుసు. పైగా అలవాటు మొదలుకాకముందే చెప్పాల్సిన పాఠమిది. టీచర్ జీతం నెలకు 30,000 అనుకుందాం. 25 రోజులు, రోజుకు 6 పీరియడ్లు అయితే పీరియడ్ విలువ 200 రూపాయలు. ఇవన్నీ నేను అనుకున్న అంకెలే. కింద వేసే ధరలూ అంతే.

ఒకటి: ర్యాలీ, సభ, ఉపన్యాసం

రెండు ఫ్లెక్సీలు 3,000. మైక్ సెట్ 2,500. ప్లకార్డులు 1,500. శాలువాలు, బొకేలు, టిఫిన్ 4,000. నగదు 11,000. పన్నెండు మంది టీచర్ల మూడేసి పీరియడ్లు పోతాయి కాబట్టి ఇంకో 7,200. మొత్తం 18,200. పిల్లవాడికి 76 రూపాయలు.

ఈ 76 రూపాయలకు ఏమొస్తుంది? ఊరికి ఈ బడి పట్టించుకుంటోందని తెలుస్తుంది. అది చిన్న విషయమేమీ కాదు. పిల్లల అలవాటు మాత్రం దానివల్ల మారదు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన డేర్ కార్యక్రమం చూడండి. పోలీసు అధికారి యూనిఫాంలో వచ్చి క్లాసు చెప్పేవారు. దేశమంతా పాకింది, తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. 1990లలో వరుసగా జరిగిన మదింపుల్లో మత్తు వాడకం మీద దాని ప్రభావం అతి స్వల్పమని తేలింది. చివరికి పాఠ్యక్రమాన్నే మార్చుకోవాల్సి వచ్చింది.

మన ఎస్సై గారిని పిలవొద్దని నేననడం లేదు. ఆయన్ని తల్లిదండ్రుల సమావేశానికి పిలవండి. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. పిల్లలకు మద్యం, మత్తు పదార్థం, పొగాకు ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా ఉంది. గేటు ఎదుట కిళ్లీ కొట్టు సంగతి ఆయన తేల్చగలరు. ఆ పని ఎవరికన్నా ఆయనకే బాగా చేతనవుతుంది, దానికి బడి పెట్టాల్సిన ఖర్చూ లేదు.

రెండు: మన టీచర్లే, వారానికో పీరియడ్

నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది దీని గురించే.

పాఠం స్వరూపం ఇలా ఉంటుంది. "సిగరెట్ ఆరోగ్యానికి హానికరం" అని బోర్డు మీద రాయడం కాదు. నలుగురు స్నేహితులు గ్రౌండ్ వెనక నిలబడి, "ఒక్కసారికి ఏం కాదురా, భయమా?" అన్నప్పుడు ఏమనాలో పిల్లల చేత పలికించడం. కోపం వచ్చినప్పుడు, మార్కులు తగ్గినప్పుడు, ఇంట్లో గొడవ జరిగినప్పుడు ఏం చేయొచ్చో మాట్లాడించడం. "అందరూ తాగుతున్నారు" అన్న అపోహ తప్పని చూపించడం. ఈ దారిలో ఎక్కువగా పరిశోధించినది గిల్బర్ట్ బాట్విన్ రూపొందించిన లైఫ్ స్కిల్స్ ట్రైనింగ్. మూడేళ్ళలో 15, 10, 5 చొప్పున 30 సెషన్లు. నా లెక్కకూ అదే అచ్చు వాడుకుంటున్నాను.

మొదటి ఏడాది: ఆరు సెక్షన్లకు 15 చొప్పున 90 పీరియడ్లు, 18,000. ఆరుగురు టీచర్లకు రెండు రోజుల శిక్షణ, 72 పీరియడ్లు, 14,400. రిసోర్స్ పర్సన్ టీఏ, భోజనాలు 5,000. జిరాక్స్ పుస్తకం పిల్లవాడికి 40 చొప్పున 9,600. మొత్తం 47,000. పిల్లవాడికి 196 రూపాయలు.

ఇందులో చేతినుంచి పోయే నగదు 14,600 మాత్రమే. మిగతాది ఎలాగూ ఇచ్చే జీతం. ర్యాలీకి పోయిన నగదు 11,000. అంటే తేడా 3,600 రూపాయలు. "డబ్బెక్కడిది" అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబిదే. కొరత డబ్బులో లేదు, టైమ్‌టేబుల్లో ఉంది.

రెండో ఏడాది 7వ తరగతికి 15, 8కి 10, 9కి 5. మొత్తం 60 పీరియడ్లు, 12,000. పుస్తకాలకు 5,600. బదిలీ అయిన ఇద్దరి స్థానంలో కొత్తవారి శిక్షణకు 4,800. మొత్తం 22,400. పిల్లవాడికి 93 రూపాయలు.

సర్కారు బడి అయితే పాఠాలు కొత్తగా రాయించుకోవాల్సిన అవసరం కూడా లేదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తయారుచేయాలని, వారానికో గంట ఇవ్వాలని ఉంది. అందులోని 11 అంశాల్లో మత్తు పదార్థాల నివారణ ఒకటి. సామాజిక న్యాయ శాఖ వారి నవచేతన మాడ్యూళ్ళు కూడా టీచర్ల కోసమే తయారయ్యాయి. ఇవి ఉచితం. జిరాక్స్ ఖర్చును సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటులో చూపించుకోవచ్చేమో మండల విద్యాధికారిని ముందే అడగండి. 6, 10 తరగతుల పిల్లల్నీ కలుపుకుని 251 నుంచి 1000 మంది ఉన్న బడికి ఆ గ్రాంటు నిబంధనల ప్రకారం ఏటా 75,000.

దీని బలహీనతా చెప్పాలి. టీచర్‌కు మనసు లేకపోతే ఈ పీరియడ్ సిలబస్ పూర్తిచేసే పీరియడ్‌గా మారిపోతుంది. నవంబరు వచ్చేసరికి 15లో 6 జరిగి ఆగిపోయిన బడిని నేను చూశాను. అలా ఆగితే పెట్టిన శిక్షణ ఖర్చు మొత్తం వృథా. కాబట్టి సీనియారిటీ చూసి టీచర్లను వేయకండి. పిల్లలు తమంతట తాము దగ్గరికెళ్ళి మాట్లాడే టీచర్ ఎవరో ప్రతి బడిలోనూ పిల్లలకు తెలుసు. వాళ్ళనే అడగండి.

మూడు: బయటి సంస్థ ప్యాకేజీ

ప్రైవేటు బడులకు ఈ ప్రతిపాదనలు ఎక్కువగా వస్తాయి. పిల్లవాడికి 300, ఏడాదికి 12 సెషన్లు అన్నారనుకుందాం. 72,000 నగదు. సెషన్ జరిగేటప్పుడు మన టీచర్ గదిలో ఉండాలి కాబట్టి 72 పీరియడ్లు, 14,400. మొత్తం 86,400, పిల్లవాడికి 360. రెండో ఏడాదీ అంతే. ఏ నైపుణ్యమూ బడిలో మిగలదు.

అయినా కొన్నిచోట్ల ఇదే మేలు. టీచర్లు తక్కువగా ఉన్నచోట, ఏటా మారిపోయేచోట, మనవాళ్ళతో చెప్పుకోలేనిది బయటివారితో చెప్పుకునే పిల్లలున్నచోట. ఒప్పందానికి ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. ప్రతి సెషన్‌కూ వచ్చే మనిషి ఒక్కరేనా? మా టీచర్లలో ఇద్దరికి నేర్పి వెళతారా? ఒక పిల్లవాడు బయటపడితే మీరు ఏం చేస్తారు?

ఇంకొకటి. "విదేశాల్లో నిరూపితమైంది" అన్న మాటకు తొందరపడకండి. అన్‌ప్లగ్డ్ అనే పాఠ్యక్రమం ఏడు యూరప్ దేశాల్లో మంచి ఫలితాలిచ్చింది. దాన్నే బ్రెజిల్ తన బడుల్లోకి తెచ్చుకుని పరీక్షిస్తే, కార్యక్రమం జరిగిన బడుల్లో పిల్లలు తొలిసారి మద్యం తాగడం తగ్గలేదు సరికదా పెరిగింది. అదే పాఠం ఇంకో గడ్డ మీద ఇంకోలా పనిచేసింది. కాబట్టి తెలుగులో, మన పిల్లల మీద ప్రయత్నించి చూశారా అని అడగడం మీ హక్కు.

నాలుగు: కౌన్సెలర్

నెలకు 25,000 అయితే ఏడాదికి 3,00,000. మన 240 మందికి తలా 1,250. అన్నిటికన్నా ఖరీదు ఇదే. మూడు బడులు కలిసి వారానికి రెండేసి రోజులు పంచుకుంటే బడికి లక్ష, పిల్లవాడికి 417.

కౌన్సెలర్‌ను మిగతావాటితో పోల్చి ఎక్కువ తక్కువ అనడం సరికాదు. ఆ పని వేరు. క్లాసు పాఠం అందరికీ, కౌన్సెలర్ అప్పటికే అంచున ఉన్న ఐదారుగురికి. ఆ ఐదారుగురి కుటుంబాలకు ఈ ఖర్చు ఎంత విలువైనదో రూపాయల్లో రాయలేను. చట్టపరంగానూ ఇది ఐచ్ఛికంగా మిగల్లేదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హుడైన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం పెట్టుకోవాలని కూడా చెప్పింది.

ఐదు: మూత్ర పరీక్షలు, సీసీ కెమెరాలు

కిట్ 250 అనుకుంటే 240 మందికి ఒక్కసారికే 60,000. మామూలు కిట్లు వైట్‌నర్‌ను పట్టవు. గంజాయి జాడ రోజుల తరబడి ఉంటుంది, మద్యం జాడ గంటల్లో పోతుంది. తెలివైన పిల్లవాడు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారతాడు తప్ప మానడు. తప్పుగా పాజిటివ్ వచ్చిన పిల్లవాడి పరువును బడి తిరిగి ఇవ్వలేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో బడుల్లో ఇలాంటి పరీక్షలను వ్యతిరేకించింది. నా సలహా ఒక్కటే, ఈ డబ్బు కౌన్సెలర్‌కు పెట్టండి.

పక్కపక్కన

| పద్ధతి | మొదటి ఏడాది నగదు | పీరియడ్లతో కలిపి పిల్లవాడికి | సెక్షన్‌కు పీరియడ్లు | రెండో ఏడాది |
|---|---|---|---|---|
| ర్యాలీ, సభ | 11,000 | 76 | 3 | మళ్ళీ అంతే |
| సొంత టీచర్లు | 14,600 | 196 | 15 | 93కి తగ్గుతుంది |
| బయటి సంస్థ | 72,000 | 360 | 12 | మళ్ళీ అంతే |
| కౌన్సెలర్ (మూడు బడులకు ఒకరు) | 1,00,000 | 417 | పీరియడ్లు పోవు | అంతే, జీతం పెంపు అదనం |
| పరీక్షలు | 60,000 | 250 | తక్కువ | ప్రతిసారీ అంతే |

అమెరికాలో బాగా పనిచేసే బడి కార్యక్రమానికి 2002 ధరల్లో విద్యార్థికి సగటున 220 డాలర్లు అవుతుందని, దేశమంతా అమలుచేస్తే పెట్టిన డాలర్‌కు 18 డాలర్లు ఆదా అవుతాయని అక్కడి ప్రభుత్వ సంస్థ కోసం వేసిన అంచనా ఒకటుంది. కరపత్రాల్లో ఈ 18 కనపడితే దాన్ని రూపాయల్లోకి మార్చి నమ్మకండి. అది అక్కడి ఆసుపత్రి బిల్లులు, జైలు ఖర్చులు, జీతాల మీద కట్టిన అంచనా. అందులో మనకు పనికొచ్చేది ఒకటుంది. ఆ 220లో పుస్తకాలతో పాటు టీచర్ల శిక్షణ కూడా కలిపి ఉంది. ఖర్చు రాసేటప్పుడు మనమూ శిక్షణను వదిలేయకూడదు.

ఏ బడికి ఏది?

జిల్లా పరిషత్, మున్సిపల్ బడులకు రెండో పద్ధతి. నగదు తక్కువ, సామగ్రి ఉచితం. జూన్ 26 సభను వదలక్కర్లేదు. ఆ రోజును మొదటి సెషన్‌గా మార్చేయండి, శాలువాల డబ్బు జిరాక్స్‌కు వెళ్తుంది. ఇద్దరు టీచర్లే ఉన్న చిన్న బడి అయితే పక్క ఊరి బడితో కలిసి శిక్షణ పెట్టుకోండి.

తక్కువ ఫీజు ప్రైవేటు బడుల్లో టీచర్లు ఏటా మారతారు, రెండో పద్ధతిలో శిక్షణ ఖర్చు ప్రతి జూన్‌లోనూ తిరిగొస్తుంది. వీళ్ళు మొదటి ఏడాది బయటి సంస్థను పిలిచి, ఎప్పటికీ బడిలోనే ఉండే ఒకరిద్దరికి, అంటే హెచ్‌ఎంకో కరస్పాండెంట్ కుటుంబంలో చదువు చెప్పేవారికో, పక్కన కూర్చోబెట్టి నేర్పించుకోవాలి. రెండో ఏడాది నుంచి సొంతంగా నడుపుకోవచ్చు.

పెద్ద ప్రైవేటు బడులకు డబ్బు అడ్డంకి కాదు. వాళ్ళు నాలుగో పద్ధతితో మొదలుపెట్టి, కౌన్సెలర్ చేతనే టీచర్లకు శిక్షణ ఇప్పించాలి. కౌన్సెలర్‌ను అడ్మిషన్ల పనికీ, పరీక్షల డ్యూటీకీ వాడుకోకూడదు.

గురుకులాలు, జూనియర్ కాలేజీల హాస్టళ్ళ సంగతి వేరు. అక్కడ సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది కాబట్టి పీరియడ్ల సమస్య తక్కువ. కానీ దసరా, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన వారం కీలకం. సెషన్లను ఆ రెండు వారాల్లోకి తప్పకుండా వచ్చేలా వేసుకోండి. శిక్షణ టీచర్‌తో పాటు వార్డెన్‌కూ, వాచ్‌మన్‌కూ, వంటమనిషికీ ఇవ్వాలి. పిల్లవాడు తినడం మానేసిన సంగతి మొదట కనిపెట్టేది వంటమనిషే. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ బడుల్లో ఇంకో మాట కలపాలి. గంజాయి రవాణాకు పిల్లల్ని వాడుకుంటే అది బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద పెద్దల నేరమని తల్లిదండ్రులకు వాళ్ళ భాషలో చెప్పించాలి.

ఒక్క రూపాయి పెట్టకముందు చేయాల్సింది

ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదటి సెషన్‌కు ముందే ఒక కాగితం తయారుచేసి హెచ్‌ఎం గదిలో పెట్టండి. పిల్లవాడు చెప్పుకుంటే ఎవరు వింటారు, తల్లిదండ్రులకు ఎవరు చెబుతారు, ఏ ఆసుపత్రికి పంపుతారు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416. అమ్మేవాళ్ళ గురించి చెప్పడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. వైద్యానికి హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక చికిత్సాలయాలు, మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం. కేసు భయంతో దాచే తల్లిదండ్రులకు, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవారికి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని చెప్పండి. పిల్లవాడి పేరు ఆ కాగితం మీద గానీ స్టాఫ్ రూంలో గానీ రాకూడదు. టీసీ ఇచ్చి పంపేయడం ఆ కాగితంలో ఎక్కడా ఉండకూడదు.

ఆ తర్వాత జులై టైమ్‌టేబుల్ తీసుకుని 7, 8, 9 తరగతుల ఆరు సెక్షన్లకూ వారంలో ఏ రోజు, ఏ పీరియడ్ అన్నది పెన్నుతో రాసేయండి. శనివారం ఆఖరి పీరియడ్ వద్దు, అది ఏదో ఒక పనికి పోతూనే ఉంటుంది. మంగళ, బుధవారాల్లో మూడో పీరియడ్ దొరికితే తీసుకోండి.